చిన్న పిస్టల్‌కి ఏ తూటాలు? .380, .32, .22 ఇంట్లో పెట్టుకున్నవాళ్ల కోసం

మొన్న ఒక శనివారం మధ్యాహ్నం మా ఆఫీసు కుర్రాడొకడు తుపాకుల షాపులోంచే ఫోన్ చేశాడు. గుంటూరు వైపు అబ్బాయి. డాలస్ పక్కన ఇల్లు కొనుక్కుని రెండేళ్లయింది, కిందటేడు సిటిజన్‌షిప్ వచ్చింది. "అన్నా, మా ఆవిడ చేతికి సరిపోతుందని .380 తీసుకున్నాం. పిస్టల్ ఎంచుకోవడానికి ఇరవై నిమిషాలే పట్టింది. తూటాల దగ్గర గంట నుంచి నిలబడ్డాం. అన్ని డబ్బాల మీదా డిఫెన్స్ అనే ఉంది. ఏది తీసుకోమంటారు?"

"నచ్చిన రెండు రకాలు ఒక్కో డబ్బా తీసుకోండి, గుండ్రటి ముక్కున్న మామూలు ఎఫ్‌ఎమ్‌జే ఇంకో మూడు డబ్బాలు తీసుకుని, కాల్పులు సాధన చేసే రేంజ్‌కి వెళ్లండి. ఏది మంచిదో మీ పిస్టలే చెబుతుంది" అన్నాను. వాడికి అది జవాబులా అనిపించలేదని గొంతులోనే తెలిసింది. కానీ చిన్న కేలిబర్‌కి, అంటే .380, .32 లాంటి చిన్న తూటా సైజుకి, ఇంతకంటే సూటి జవాబు లేదు. 9 ఎమ్‌ఎమ్ వాడేవాళ్లు పేరున్న కంపెనీ హాలో పాయింట్ (ముక్కులో గుంట ఉండి, తగలగానే విచ్చుకునే రకం) ఏదో ఒకటి కొనేసుకున్నా చాలావరకు సరిపోతుంది. దాంట్లో శక్తి సుమారు 330 అడుగు-పౌండ్లు ఉంటుంది కనుక, గుండు విచ్చుకోవడానికీ లోపలికి వెళ్లడానికీ రెండింటికీ మిగులుతుంది. .380లో ఉండేది 200. .32లో 130. ఉన్న ఆ కాస్తనీ దేనికి ఖర్చు పెట్టాలో తేల్చుకోవడమే తూటా ఎంచుకోవడమంటే.

రెండు మాటలు ముందే వేరు చేసుకుందాం. తూటా అంటే మొత్తం: ఇత్తడి తొడుగు, లోపలి మందు, అడుగున ఆ మందుని అంటించే ప్రైమర్, ముందు గుండు. గుండు అంటే గొట్టంలోంచి బయటికి వెళ్లే ముక్క మాత్రమే. డబ్బా మీద 90 గ్రెయిన్లు అని ఉంటే అది గుండు బరువు. గ్రాముకి 15.4 గ్రెయిన్లు, అంటే 90 గ్రెయిన్ల గుండు కాసు బంగారంలో ముప్పాతిక వంతు కూడా తూగదు.

ముందు వీసా సంగతి

తూటాల పోలికలో వీసా ఏమిటి అనుకోకండి. హెచ్‌1బీ, హెచ్‌4, ఎల్‌1, ఎఫ్‌1, బీ2 లాంటి నాన్‌ఇమిగ్రంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోకూడదని అమెరికా ఫెడరల్ చట్టం చెబుతుంది. తుపాకీతో పాటు తూటాలు కూడా ఆ నిషేధంలోనే ఉన్నాయి. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. వాటి మీద ఆధారపడేముందు లాయర్ని అడగాలి, వాట్సాప్ గ్రూపుని కాదు. ఫ్రెండుతో సరదాగా రేంజ్‌కి వెళ్లి పది రౌండ్లు కాల్చినా చట్టం లెక్కలో అది దగ్గర ఉంచుకోవడమే. అంత చిన్న సరదా గ్రీన్‌కార్డుకే ఎసరు పెట్టొచ్చు. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్లకీ సిటిజన్లకీ ఈ నిషేధం వర్తించదు.

మనలో చాలామందికి ఉండే ఇంకో చిక్కు: అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చి ఆర్నెల్లు మనింట్లోనే ఉంటారు. ఆ ఆర్నెల్లూ పిస్టల్, తూటాలు తాళంలో ఉండాలి. ఆ తాళం నంబరు వాళ్లకి తెలియకూడదు.

రాష్ట్రాన్ని బట్టి కూడా లెక్క మారుతుంది. టెక్సస్‌లో తూటాలకి కార్డు అక్కర్లేదు. ఇల్లినాయ్‌లో ఫాయిడ్ కార్డు (తుపాకీ యజమాని గుర్తింపు కార్డు) లేనిదే డబ్బా చేతికివ్వరు. కాలిఫోర్నియా, న్యూయార్క్‌లలో తూటాల కొనుగోలుకీ బ్యాక్‌గ్రౌండ్ చెక్ చట్టాలున్నాయి. వీటి మీద కోర్టుల్లో కేసులు నడుస్తుంటాయి కనుక కొనే రోజు ఏ నిబంధన అమల్లో ఉందో కౌంటర్ దగ్గర అడగండి. ఎడిసన్ చుట్టుపక్కల మనవాళ్లు ఎక్కువ కాబట్టి న్యూజెర్సీ సంగతి విడిగా చెప్పాలి. అక్కడ హాలో పాయింట్లు ఇంట్లో ఉంచుకోవచ్చు, షాపు నుంచి ఇంటికీ, ఇంటి నుంచి రేంజ్‌కీ తీసుకెళ్లొచ్చు. ఆ దారిలో కాకుండా కారులో తిప్పితే నేరం. పిస్టల్ ఇంటికే పరిమితమైతే ఇబ్బంది లేదు. ఆఫీసు బ్యాగులో మర్చిపోయిన మ్యాగజైన్ (పిస్టల్లో తూటాలు నింపే పెట్టె) మాత్రం ఇబ్బందే.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

మొదటిది: ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ పేలాలి, పేలాక తర్వాతది దానంతటదే ఎక్కాలి. మిగతావన్నీ దీని తర్వాతే. నేను మొదట కొన్న జేబు సైజు .380కి, అందరూ మెచ్చుకునే ఒక హాలో పాయింట్ కొన్నాను. రేంజ్‌లో నాలుగో రౌండు ముక్కు, ఛాంబర్ (గొట్టం వెనక తూటా కూర్చునే గది) గుమ్మం దగ్గర అడ్డంగా ఇరుక్కుంది. ఆరోదీ అంతే. డబ్బాని తప్పుపట్టడానికేం లేదు. అదే తూటా పక్క లేన్‌లో పెద్దాయన పిస్టల్లో హాయిగా నడిచింది. హాలో పాయింట్ ముక్కు వెడల్పుగా, మొద్దుగా ఉంటుంది. చిన్న పిస్టళ్లలో మ్యాగజైన్ నుంచి ఛాంబర్‌కి ఎక్కే వాలు పొట్టిగా, నిటారుగా ఉంటుంది. కొన్ని జోడీలు కుదరవు, అంతే.

రెండోది లోతు. 1986 ఏప్రిల్ 11న మయామీలో ఇద్దరు బ్యాంకు దొంగలతో జరిగిన కాల్పుల్లో ఎఫ్‌బీఐ ఏజెంట్లు ఇద్దరు చనిపోయారు. మొదట్లోనే తగిలిన ఒక 9 ఎమ్‌ఎమ్ గుండు దొంగ చేతిలోంచి దూరి, ఊపిరితిత్తి దాకా వెళ్లి, గుండెకి ముందే ఆగిపోయింది. ఆ తర్వాత కూడా వాడు కాలుస్తూనే ఉన్నాడు. తూటాలకి ఇవాళ చేసే పరీక్షలు ఆ రోజు నుంచే మొదలయ్యాయి. కండకి బదులు వాడే 10 శాతం జెలటిన్ దిమ్మెలో గుండు కనీసం 12 అంగుళాలు వెళ్లాలి, 18 దాటకూడదు. మనిషి అంత మందం ఉండడు కదా అని అడుగుతారు. ఎదురుగా వచ్చేవాడు చేతులు ముందుకి చాచి ఉంటాడు, పక్కకి తిరిగి ఉంటాడు. 12 ఆ లెక్కతో పెట్టిందే. దిమ్మె ముందు నాలుగు పొరల డెనిమ్ గుడ్డ కట్టి కూడా పరీక్షిస్తారు. చిన్న కేలిబర్ల గుట్టు బయటపడేది ఆ గుడ్డ దగ్గరే.

మూడోది గోడలు. మన ఊళ్లో లోపలి గోడ కూడా ఇటుకే. ఇక్కడ బెడ్‌రూమ్‌కీ హాలుకీ మధ్య ఉండేవి చెక్క నిలువులు, రెండు వైపులా అర అంగుళం డ్రైవాల్. జెలటిన్‌లో 12 అంగుళాలు వెళ్లగలిగే ఏ గుండైనా అలాంటి గోడలు ఒకటికి రెండు దాటుతుంది. "హాలో పాయింట్ అయితే గోడలోనే ఆగిపోతుంది" అని కౌంటర్ దగ్గర ఎవరైనా అంటే నమ్మకండి. ముక్కులోని గుంటలో సుద్ద కూరుకుపోతే అది విచ్చుకోదు, మామూలు గుండులాగే పోతుంది. .22 కూడా దాటుతుంది. గోడ సమస్యకి మందు తూటాలో దొరకదు. పిల్లల గది ఏ వైపుందో, మీరు ఎక్కడ నిలబడి ఏ వైపుకి గురిపెడతారో పగలు నడిచి చూసుకోవాలి. నన్నడిగితే ఆ నడక ఏ ప్రీమియం డబ్బాకన్నా విలువైనది. తలుపుకి గట్టి గొళ్లెం, చేతికందేచోట టార్చి, 911 దాని తర్వాతి వరసలో ఉంటాయి.

నాలుగోది చేతికి వచ్చే దెబ్బ. ఐదోది సాధన ఖర్చు. ఈ రెండూ కవల పిల్లలు. చెయ్యి నొప్పెడితే సాధన మానేస్తాం, ఖర్చు ఎక్కువైనా మానేస్తాం.

గుండు రకాలు

ఎఫ్‌ఎమ్‌జే: సీసానికి రాగి తొడుగు, గుండ్రటి ముక్కు. జారినట్టు ఎక్కుతుంది, చవక, 50 రౌండ్ల డబ్బాల్లో వస్తుంది. విచ్చుకోదు కనుక శక్తంతా లోతుకే పోతుంది. .380లో ఇది 18 అంగుళాలు దాటి పోవడం మామూలే, అంటే అవతలికి వెళ్లిపోయే ప్రమాదం ఉంది. .32, .25లలో అదే లక్షణం ఒక సుగుణం. కింద చెబుతాను.

హాలో పాయింట్: ముక్కులో గుంట. తడి కండలోకి వెళ్లగానే పువ్వులా విచ్చుకుని వెడల్పవుతుంది, వెడల్పయిన కొద్దీ తొందరగా ఆగుతుంది. 9 ఎమ్‌ఎమ్‌లో చక్కగా కుదిరిన ఈ ఏర్పాటు .380 దగ్గరికి వచ్చేసరికి అటో ఇటో అవుతుంది. బాగా విచ్చుకుంటే 9, 10 అంగుళాల దగ్గరే ఆగిపోతుంది. గుంటలో డెనిమ్ పీచు కూరుకుపోతే అసలు విచ్చుకోదు, ఎఫ్‌ఎమ్‌జేలా దూసుకుపోతుంది. రెండూ కుదిరే రకాలు తక్కువే, కానీ ఉన్నాయి.

గుంట మూసిన రకం: హార్నడీ క్రిటికల్ డిఫెన్స్‌లో ముక్కున ఎర్రటి మెత్తని ముక్క కనిపిస్తుంది. గుడ్డ పీచు కూరుకుపోకుండా ఆ గుంటని ముందే నింపేశారన్నమాట. ముక్కు గుండ్రంగా ఉంటుంది కాబట్టి హాలో పాయింట్లు ఎక్కని పిస్టళ్లలో ఇది ఎక్కడం చూశాను.

చాళ్ల రాగి గుండు: లీహై కంపెనీ ఎక్స్‌ట్రీమ్ డిఫెండర్ లాంటివి. మొత్తం రాగే, ముక్కున స్క్రూడ్రైవర్ మొనలాంటి చాళ్లు. విచ్చుకునే పనే లేదు కనుక గుడ్డతో గొడవ లేదు. .380లో 65 గ్రెయిన్ల దగ్గర తేలికగా ఉంటుంది, చేతికి దెబ్బ కూడా తక్కువ. ఆ చాళ్లు గాయాన్ని పెద్దది చేస్తాయన్న మాట మీద వాదనలున్నాయి. నేను వాటికి లోతు మార్కులు వేస్తాను, మిగతా మార్కులు దాచుకుంటాను. ధర మాత్రం ఘాటే.

.380: అన్నిటికంటే ఎక్కువ ఎంపిక ఉన్నది

జాన్ బ్రౌనింగ్ రూపొందించిన ఈ తూటాని 1908లో కోల్ట్ మార్కెట్లోకి తెచ్చింది. దీనికి పేర్లు ఎక్కువ. 9 ఎమ్‌ఎమ్ కుర్జ్, 9 ఎమ్‌ఎమ్ షార్ట్, 9×17 అన్నీ ఇదే. 9 ఎమ్‌ఎమ్ లూగర్, అంటే 9×19, ఇది కాదు. డబ్బా కొనేముందు పిస్టల్ గొట్టం మీద చెక్కిన మాట చదవండి. ఒక జాగ్రత్త కూడా: తూటాల ప్రమాణాలు నిర్ణయించే సామీ సంస్థ .380కి ప్లస్-పీ, అంటే మామూలుకన్నా ఎక్కువ ఒత్తిడితో పేలే స్థాయి, ఏదీ పెట్టలేదు. కొందరు డబ్బాల మీద ఆ అక్షరాలు వేస్తారు. అది వాళ్ల సొంత లెక్క. మెత్తగా నడవడానికని కొన్న పిస్టల్లో అది వేయడం నాకు నచ్చదు.

పిస్టల్‌ని బట్టి తూటా మారాలి. స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ఈజెడ్ లాంటి దానికి బారెల్, అంటే గొట్టం, మూడున్నర అంగుళాలకి పైనే. రూగర్ ఎల్‌సీపీకి 2.75. బారెల్ పొట్టిదైన కొద్దీ వేగం పడిపోతుంది. వేగం పడితే హాలో పాయింట్ విచ్చుకోవడం అనుమానమే. అందుకని ఈజెడ్ తరహా పిస్టల్లో హాలో పాయింట్‌కి ఒక అవకాశం ఇస్తాను. జేబు పిస్టల్లో లోతుకే ఓటు వేస్తాను.

నేను చూసే వరస ఇది. ఫెడరల్ వాళ్ల 99 గ్రెయిన్ల హైడ్రాషాక్ డీప్: పేరులోనే ఉంది, లోతు కోసం చేసింది. హార్నడీ ఎక్స్‌టీపీ 90 గ్రెయిన్లు: పాత డిజైన్, కొద్దిగానే విచ్చుకుంటుంది, ఆ కొద్దితనమే .380లో దానికి మేలు చేసింది. క్రిటికల్ డిఫెన్స్ 90 గ్రెయిన్లు: ఎక్కడంలో నెమ్మదస్తురాలు, లోతు విషయంలో అంచు మీద నడుస్తుంది. స్పీర్ గోల్డ్ డాట్ 90 గ్రెయిన్లు: గుండు కట్టుబడి గట్టిది, పొడుగు బారెల్‌కి బాగుంటుంది. వీటిలో ఏదీ మీ పిస్టల్లో నమ్మకంగా నడవకపోతే 95 గ్రెయిన్ల ఎఫ్‌ఎమ్‌జే వేసుకోండి, సిగ్గుపడాల్సిందేం లేదు. అవతలికి దూసుకుపోయే ప్రమాదాన్ని మాత్రం ఇందాక చెప్పిన పగటి నడకలో లెక్కలోకి తీసుకోండి.

.22: తక్కువ అంచనా వేయకండి, ఎక్కువా వేయకండి

ఇక్కడ .22 అంటే లాంగ్ రైఫిల్ రకం, 1887లో పుట్టింది. ఇప్పటికీ ఎక్కడైనా దొరుకుతుంది, సాధన రౌండు పది సెంట్లకి అటూఇటూగా వస్తుంది. దెబ్బ లేనట్టే. కీళ్లవాతంతో వేళ్లు బిగిసిన పెద్దవాళ్లు కూడా పది రౌండ్లూ గురిలో పెట్టగలరు. .380తో రెండు రౌండ్లకే మణికట్టు పట్టుకునే మనిషికి .22 దిగుడు మెట్టేం కాదు.

లోపం ప్రైమర్‌లో ఉంది. మిగతా తూటాలకి అడుగున మధ్యలో విడి ప్రైమర్ ఉంటే, .22కి ఆ మందుని అంచు మడతలో గిరగిరా తిప్పి పరుస్తారు. ఒక్కోసారి ఒక పక్క పలచబడుతుంది. ట్రిగ్గర్ నొక్కితే వచ్చి కొట్టే పిన్ను సరిగ్గా అక్కడే తగిలితే టిక్కుమని ఊరుకుంటుంది. కారు చవక డబ్బాల్లో ఇది ఎక్కువ, మంచివాటిలో అరుదు. సున్నా మాత్రం కాదు. అందుకే .22 అయితే నేను రివాల్వర్ వైపు మొగ్గుతాను. ఒకటి పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ లాగితే తర్వాతి గది వస్తుంది, స్లైడ్ (పిస్టల్ మీద వెనక్కి జరిగే పై భాగం) లాగే పని లేదు. దానికి ఇచ్చుకునే మూల్యం ట్రిగ్గర్ బరువు. అంచుని గట్టిగా కొట్టాలి కనుక .22 రివాల్వర్ల ట్రిగ్గర్లు మొండిగా ఉంటాయి. వేళ్లలో బలం లేనివాళ్లు కొనకముందే లాగి చూడాలి. బెరెట్టా బాబ్‌క్యాట్ లాంటి వాటిలో మీట నొక్కితే బారెల్ పైకి లేస్తుంది, మొదటి రౌండు అందులో చేత్తో పెట్టేయొచ్చు. స్లైడ్ లాగలేనివాళ్లకి అదొక దారి.

గుండు విషయంలో ఇక్కడ సందేహం అక్కర్లేదు: గుంట లేనిది తీసుకోండి. స్టింగర్ లాంటి తేలికపాటి హాలో పాయింట్లు పొడుగు రైఫిల్లో చూపించే ప్రతాపం రెండు అంగుళాల గొట్టంలో చూపించవు. ఒకవేళ విచ్చుకున్నా పైపైనే ఆగుతాయి. ఫెడరల్ పంచ్ అని 2021లో వచ్చింది, 29 గ్రెయిన్ల చదును ముక్కు, నికెల్ పూత. పొట్టి బారెల్లో లోతు కోసమే తయారుచేశామని కంపెనీ చెబుతుంది. రెండు అంగుళాల బారెల్లో సెకనుకి 1,070 అడుగుల వేగం ఇస్తుందట. అది దొరక్కపోతే సీసీఐ మినీమ్యాగ్ 40 గ్రెయిన్ల గుండ్రటి ముక్కు. నా .22 అయితే మినీమ్యాగ్‌నే ఎక్కువ ఇష్టపడుతుంది.

.32, .25: ఉన్నవాళ్లకి మాత్రమే

.32 ఏసీపీ, అంటే పిస్టల్ .32, 1899 నాటిది, ఇదీ బ్రౌనింగ్ పనే. ఇండియాలో లైసెన్సు ఉన్నవాళ్లకి బాగా తెలిసిన సైజు. అక్కడ 9 ఎమ్‌ఎమ్ నిషిద్ధ బోరు (మామూలు పౌరులకి ఇవ్వని సైజు) కావడంతో పౌరుల పిస్టళ్లు .32 చుట్టూనే తిరుగుతాయి. అక్కడ రకాలు ఎంచుకునే బాధ కూడా పెద్దగా ఉండదు, దొరికిందే రకం. కాన్పూర్ నుంచి వచ్చిన నిర్భీక్ లాంటి రివాల్వర్లది వేరే .32, పిస్టల్ తూటా అందులో వేయకూడదు.

ఈ సైజులో 60 గ్రెయిన్ల హాలో పాయింట్లు రెండు విధాలా నష్టం. లోతు చాలదు, పైగా తూటా మొత్తం పొడుగు తగ్గుతుంది. .32 ఏసీపీ అడుగున సన్నటి అంచు బయటికి వచ్చి ఉంటుంది. పొట్టి తూటా మ్యాగజైన్‌లో ముందూవెనకా ఊగి, పైదాని అంచు కిందిదాని అంచు వెనక్కి చేరితే గొళ్లెం పడ్డట్టు బిగుసుకుంటుంది. రేంజ్‌లో దాన్ని విప్పడానికి నాకొకసారి పది నిమిషాలు, ఒక చిన్న స్క్రూడ్రైవర్, చాలా తిట్లు ఖర్చయ్యాయి. 71 లేదా 73 గ్రెయిన్ల ఎఫ్‌ఎమ్‌జే తీసుకోండి. ఫియోకీ, సెలియర్ అండ్ బెల్లో 73 గ్రెయిన్లవి అమ్ముతాయి.

.25 ఏసీపీ గురించి రెండు మాటలు చాలు. మధ్యలో ప్రైమర్ ఉంటుంది కనుక .22 కంటే నమ్మకంగా పేలుతుంది. తూటా ఖరీదు, దొరకడం కష్టం, శక్తి అంతంతమాత్రం. తాతగారి పిస్టల్ చేతికొస్తే 50 గ్రెయిన్ల ఎఫ్‌ఎమ్‌జే వేయండి. కొత్తగా మాత్రం కొనకండి.

| కేలిబర్ | గుండు బరువు (గ్రెయిన్లు) | శక్తి, సుమారుగా (అడుగు-పౌండ్లు) | పేలుతుందన్న నమ్మకం | చేతికి దెబ్బ | సాధన ఖర్చు | నేను వేసేది |
|---|---|---|---|---|---|---|
| .380, పొడుగు బారెల్ | 90–99 | 200 | బాగుంది | ఓ మోస్తరు | ఎక్కువ | లోతుగా వెళ్లే హాలో పాయింట్ |
| .380, జేబు పిస్టల్ | 65–95 | 200 లోపు | పిస్టల్‌ని బట్టి | గట్టిగానే | ఎక్కువ | ఎక్స్‌టీపీ, చాళ్ల రాగి లేదా ఎఫ్‌ఎమ్‌జే |
| .32 ఏసీపీ | 71–73 | 130 | బాగుంది | తక్కువ | ఎక్కువ | ఎఫ్‌ఎమ్‌జే మాత్రమే |
| .22, పొట్టి బారెల్ | 29–40 | 70–100 | మంచి డబ్బా అయితేనే | లేనట్టే | చాలా తక్కువ | పంచ్ లేదా మినీమ్యాగ్, గుండ్రటి ముక్కు |
| .25 ఏసీపీ | 50 | 65 | బాగుంది | తక్కువ | చాలా ఎక్కువ | ఎఫ్‌ఎమ్‌జే |

శక్తి అంకెలు కంపెనీలు చెప్పే వేగాల మీద వేసినవి. మీ బారెల్ పొట్టిదైతే ఇంకా తగ్గించుకోండి.

ఎవరికి ఏది

అపార్ట్‌మెంట్‌లో, గోడకి అవతల ఇంకో కుటుంబం ఉంటే: .380 హాలో పాయింట్, అదీ రేంజ్‌లో పాసైతేనే. ఎఫ్‌ఎమ్‌జేకి ఇక్కడ నా ఓటు ఆఖరిది. ఇలాంటి ఇంట్లో తూటా రకం కంటే గురి తప్పకపోవడం పదింతలు ముఖ్యం, కనుక సాధన బడ్జెట్ ముందు పక్కనపెట్టండి.

చేతిలో పట్టు తక్కువున్నవాళ్లకి .22 రివాల్వరో, తేలికగా లాగే స్లైడున్న .380నో. ఇంట్లో ఇద్దరు వాడతారంటే, ఇద్దరిలో బలం తక్కువ ఉన్నవాళ్ల కోసం కొనాలి. ఈ మాట మగవాళ్లకి ఎక్కడానికి టైమ్ పడుతుంది.

నెలకొకసారి కూడా రేంజ్‌కి వెళ్లలేనివాళ్లు జేబు పిస్టల్, ఖరీదైన తూటా జోలికి పోకండి. ఆ డబ్బుతో కొంచెం పెద్ద పిస్టల్, పది డబ్బాల ఎఫ్‌ఎమ్‌జే వస్తాయి.

పాత పిస్టల్ ఉన్నవాళ్లకి: 1960ల నాటి యూరప్ పిస్టళ్లు గుండ్రటి ముక్కు తప్ప ఎరగవు. వాటికి హాలో పాయింట్ తినిపించాలని చూడకండి.

రేంజ్‌లో తేల్చుకోవడం

ముందు 100 రౌండ్లు ఎఫ్‌ఎమ్‌జే కాల్చండి. కొత్త పిస్టల్ అప్పటికి కుదురుకుంటుంది. తర్వాత ఇంట్లో వేయదలచుకున్న తూటా 50 రౌండ్లు, ఉన్న మ్యాగజైన్లన్నిటితో. డిఫెన్స్ తూటాలు 20, 25 చొప్పున డబ్బాల్లో వస్తాయి, రౌండుకి డాలరు అటూఇటూ పడుతుంది, కాబట్టి ఈ పరీక్షకి యాభై డాలర్లు పోతాయి. మూడుసార్లు బయట భోజనం చేసినంత కూడా కాదు. ఒక్కసారి ఇరుక్కుంటే ఇంకో 50 కాల్చి చూడండి. రెండోసారి ఇరుక్కుంటే ఆ డబ్బాకి మీ ఇంట్లో చోటు లేదు.

కాల్చేది ఎవరన్నది ముఖ్యం. చిన్న పిస్టళ్లు మణికట్టు వదులుగా ఉంటే ఇరుక్కుంటాయి. భర్త చేతిలో యాభై రౌండ్లూ గడియారంలా నడిచిన పిస్టల్, భార్య చేతిలో మూడో రౌండుకే ఆగిపోవచ్చు. ఆవిడ వాడే పిస్టల్ పరీక్ష ఆవిడే చేయాలి, రెండు చేతులతోనూ, ఒక చేత్తోనూ. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే గొట్టం ముందుకే ఉంచి అర నిమిషం ఆగండి. ఆలస్యంగా పేలేవి ఉంటాయి.

ఇంటికొచ్చాక

ప్రతిరోజూ పిస్టల్ ఖాళీ చేసి, అదే తూటాని మళ్లీ మళ్లీ ఛాంబర్‌లోకి ఎక్కించే అలవాటు ఉంటే మానండి. ఎక్కిన ప్రతిసారీ ముక్కు గుద్దుకుని గుండు తొడుగులోకి కొంచెం కొంచెం దిగిపోతుంది. లోపల జాగా తగ్గి, పేలినప్పుడు ఒత్తిడి పెరుగుతుంది. కొత్త తూటా పక్కన నిలబెట్టి పొడుగు పోల్చండి, పొట్టిదయితే పక్కన పడేయండి. నేను ఏడాదికోసారి మ్యాగజైన్‌లో ఉన్నవి రేంజ్‌లో కాల్చేసి కొత్తవి వేస్తాను. తూటాల మీద నూనె చుక్క పడనివ్వను. గరాజ్‌లో పెట్టను, టెక్సస్ ఎండాకాలంలో అది బట్టీయే.

టెక్సస్ చట్టం 17 ఏళ్ల లోపు పిల్లల చేతికి నింపిన తుపాకీ అందేలా వదిలేయడాన్ని నేరంగా చూస్తుంది. చట్టం సంగతి అటుంచి, మీటలు నొక్కితే తెరుచుకునే చిన్న సేఫ్ ఒకటి మంచం పక్కన బిగించుకోండి. తూటాల మిగతా డబ్బాలు వేరే తాళంలో ఉండాలి.

ఒక్క మాట ఇండియా ప్రయాణం గురించి. రేంజ్‌కి వాడిన బ్యాగుని హైదరాబాద్ ప్రయాణానికి వాడకండి. అడుగు కుట్టులో దూరిన ఒక్క .22 చాలు. లైసెన్సు లేకుండా తూటా ఉంచుకోవడం 1959 ఆయుధ చట్టం కింద నేరం, అది ఒకటా వందా అని ఎయిర్‌పోర్టు స్కానర్ అడగదు. మా ఇంట్లో రేంజ్ బ్యాగు ఎర్రది. ఇంకే బ్యాగూ ఎర్రది కొనం.

గుంటూరు అబ్బాయి ఆ మరుసటి ఆదివారం మళ్లీ ఫోన్ చేశాడు. వాళ్లావిడ కాల్చింది. రెండు రకాల్లో చవకది తడబాటు లేకుండా నడిచిందట, ఇంకో డబ్బా తెచ్చి యాభై పూర్తిచేశారు. ఖరీదైనది 25లో 14 కాల్చేసరికి రెండుసార్లు ఇరుక్కుంది. మిగిలిన పదకొండూ నాకిచ్చాడు. నా పిస్టల్లో అవి బాగానే ఎక్కుతున్నాయి.